గోల్డ్ కుళాయి, స్టీలు సింకు, ఇత్తడి ఉయ్యాల: ఒకే ఇంట్లో లోహాలు అతకనప్పుడు ఏం చేయాలి?

గృహప్రవేశం రోజు ఎవరికీ ఏదీ కనిపించదు. మామిడాకులు, పూలు, భోజనాల హడావుడిలో ఇల్లంతా బాగానే ఉంటుంది. వారం తిరిగాక ఇంటావిడ ఫోన్ చేస్తారు. "ఏదో తేడాగా ఉందండి, ఏంటో చెప్పలేకపోతున్నాను." అమలాపురం చుట్టుపక్కల ఇళ్లకు ఇంటీరియర్ పని చేస్తుంటాను, ఈ మాట చాలాసార్లు విన్నాను. వెళ్లి చూస్తే తేడా గోడ రంగులోనూ ఉండదు, సోఫాలోనూ ఉండదు. కుళాయిలు, హ్యాండిళ్లు, బందులు, గడియలు, హ్యాంగింగ్ లైట్లు, స్విచ్ ప్లేట్లు... రోజూ చేతికి తగిలే లోహపు సామానులో ఉంటుంది.

రెండు రకాల లోహాలు ఒకే గదిలో పెట్టకూడదని చాలామంది గట్టిగా నమ్ముతారు. నేను ఒప్పుకోను. మన పాత మండువా లోగిలి గుర్తు చేసుకోండి. కిటికీలకు ఇనుప ఊచలు, వీధి తలుపుకు ఇత్తడి పువ్వులు, వంటింట్లో రాగి బిందెలు, కంచు గిన్నెలు. నాలుగు లోహాలున్నా ఎవరి కంటికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు, ఎందుకంటే దేని పని దానిదే, దేని రంగు దానిదే. చూపుకు ఇబ్బంది వచ్చేది రెండు సందర్భాల్లో. ఒకటి, రెండు వస్తువులు ఒకేలా ఉండబోయి కొంచెంలో తప్పిపోయినప్పుడు. రెండోది, మన గాలికి, నీళ్లకి ఒకటి పాడైపోయి పక్కది కొత్తగా మెరుస్తున్నప్పుడు. కింద చెప్పే సమస్యలన్నీ దాదాపు ఈ రెండింట్లోకే వస్తాయి.

"అన్నీ గోల్డే కొన్నాం, అయినా కలవట్లేదు"

ఎక్కువమంది అడిగేది ఇదే. రాజోలు వైపు ఒక ఇంట్లో మాస్టర్ బాత్‌రూమ్ చూడటానికి వెళ్లాను. షవరు, నీళ్లను షవరుకో కుళాయికో మళ్లించే డైవర్టరు ఒక కంపెనీవి. టవల్ రాడ్డు, సబ్బు స్టాండు ఇంకో కంపెనీవి. నేల మీద జాలీ ఊళ్లోని షాపులో దొరికింది తెచ్చి బిగించారు. ప్లంబర్ని అడిగితే "ఆయ్, అన్నీ గోల్డేనండి" అన్నాడు. బిల్లుల్లోనూ గోల్డ్ అనే ఉంది. నేను తెల్ల తువ్వాలు ఒకటి అడిగి, జాలీని, సబ్బు స్టాండుని ఊడదీసి, కిటికీ దగ్గర ఆ తువ్వాలు మీద డైవర్టర్ తాలూకు విడి నాబ్‌తో కలిపి పెట్టాను. నాబ్ లేత గడ్డి రంగులో, మెరుపు లేకుండా, సన్నటి గీతల బ్రష్డ్ ఫినిష్‌తో ఉంది. స్టాండు అద్దంలా మెరుస్తూ నిమ్మపండు పసుపులో ఉంది. జాలీ మాత్రం ఎర్రగా, దాదాపు రాగికి దగ్గరగా ఉంది. ఆవిడ చూసి వెంటనే అన్నారు, "ఇవి మూడూ మూడు రంగులు కదండీ!"

కారణం అదే. గోల్డ్ అన్నది ఒక రంగు పేరు కాదు. షాంపేన్ గోల్డ్, రోజ్ గోల్డ్, బ్రష్డ్ గోల్డ్, యాంటిక్ బ్రాస్ అని ఒక్కో కంపెనీ తన పూతకు తాను పేరు పెట్టుకుంటుంది. రెండు కంపెనీలు ఒకే పేరు పెట్టినా రంగు ఒకటే ఉంటుందని నమ్మకం లేదు. రంగుతో పాటు మెరుపు కూడా చూడాలి. ఒకే పసుపు అయినా అద్దంలా మెరిసేది ఒకలా, మాట్‌గా ఉన్నది ఇంకోలా కనిపిస్తుంది. పూర్తిగా వేరుగా ఉన్న రెంటిని కన్ను సులువుగా ఒప్పుకుంటుంది. కొంచెం తేడా ఉన్నవాటిని మాత్రం పోల్చి చూస్తూనే ఉంటుంది. నలుపు ప్యాంటు మీద వేరే నలుపు కోటు వేసుకున్నట్టు.

ఇంకా కొనకపోతే పని సులువు. ఒక గోడ మీద కనిపించేవన్నీ ఒకే కంపెనీ, ఒకే సిరీస్, ఒకే ఆర్డర్‌లో తెప్పించుకోండి. జాలీ, యాంగిల్ కాక్ (గోడలోంచి వచ్చే చిన్న కుళాయి), కనెక్షన్ పైపు, హెల్త్ ఫాసెట్ కూడా ఆ లిస్టులోనే రాయించండి. వాటిని ఆఖర్న ప్లంబర్ తన సంచిలోంచి తీసి బిగిస్తాడు, తప్పు దొర్లేది సాధారణంగా అక్కడే.

కొనేసి బిగించేస్తే, అన్నింటినీ కలిపే ప్రయత్నం మానేయండి. విడదీయండి. రాజోలు ఇంట్లో షవర్ సెట్టు ఖరీదైనది, గోడలో కూర్చున్నది, దాన్ని కదపలేదు. టవల్ రాడ్డు, సబ్బు స్టాండు, జాలీ మూడూ తీసేసి బ్రష్డ్ స్టీలువి పెట్టాం. ఇప్పుడు అక్కడ రెండే లోహాలు, రెండూ మెరుపు తక్కువవి, రంగులో మాత్రం స్పష్టంగా వేరు. దగ్గరగా ఉన్న రెండు పసుపుల కన్నా దూరంగా ఉన్న పసుపు, తెలుపే నయం. రంగు వేరు చేసినప్పుడు మెరుపైనా ఒకటిగా ఉంచండి, జత కుదురుతుంది.

"గదిలోకి వస్తే హార్డ్‌వేర్ షాపులోకి వచ్చినట్టుంది"

కాగితం, పెన్ను పట్టుకుని గది గుమ్మంలో నిలబడండి. అక్కడి నుంచి కనిపించే లోహాలన్నీ రాయండి. వంటగదైతే సింకు, ఫ్రిజ్, చిమ్నీ, హాబ్ (గట్టులో బిగించే స్టవ్వు), కబోర్డు హ్యాండిళ్లు, కుళాయి, లైట్లు, కుర్చీ కాళ్లు అన్నీ లెక్కే. తలుపు మూస్తే కనబడని ఛానళ్లు, లోపలి బందులు వదిలేయండి. నాలుగైదు రకాలు తేలితే సమస్య దొరికినట్టే.

ఇలా ఎందుకవుతుందంటే, ఒక్కో వస్తువును ఒక్కొక్కరు ఎంచుతారు. కుళాయి ప్లంబర్ చెప్పింది, హ్యాండిల్ వడ్రంగి చూపించింది, లైటు ఆన్‌లైన్‌లో నచ్చింది. అందరి ఎంపికా బాగానే ఉంటుంది, అన్నీ ఒక గదిలో చేరాక ఏదీ ముందుకు రాదు.

గదికి ఒక లోహాన్ని ఇంటి పెద్దలా పెట్టండి. కనిపించే లోహంలో మూడింట రెండు వంతులు అదే ఉండాలి. రెండోది తోడుగా వస్తుంది. నలుపు మాట్‌ని నేను మూడోదిగా లెక్కపెట్టను, అది కాటుక గీతలాంటిది, దేని పక్కనైనా సర్దుకుంటుంది. చిన్న బాత్‌రూమ్‌లో రెండు దాటొద్దు. వంటగదిలో స్టీలు ఎలాగూ తప్పదు కాబట్టి దాన్నే పెద్దగా ఒప్పుకోవడం తెలివి. అప్పుడు మార్చాల్సినవి హ్యాండిళ్లు మాత్రమే. కొత్త హ్యాండిల్ కొనేముందు పాతదాని రెండు స్క్రూల మధ్య దూరం కొలవండి. బజార్లో 96, 128, 160 మిల్లీమీటర్లవి మామూలుగా దొరుకుతాయి. అదే కొలతలో తీసుకుంటే పాత రంధ్రాలే సరిపోతాయి, కబోర్డు తలుపులు పాడవ్వవు.

"ఆ ఒక్క లైటు మాత్రం అతికించినట్టుంది"

గది మొత్తం స్టీలు, నడిమధ్యన ఒక రాగి లైటు. లైటు తప్పు కాదు, దానికి తోడు లేదు. తీసేయకండి. గదిలో ఇంకో రెండు చోట్ల రాగి కనిపించేలా చేయండి. మంచినీళ్ల రాగి బిందె, ఒక అద్దం ఫ్రేము చాలు. ఒకే మూలలో కాకుండా దూరదూరంగా, ఒకటి కంటి ఎత్తులో, ఒకటి కిందగా పెట్టండి.

"వేసిన కొన్ని నెలలకే రంగు మారిపోయింది"

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. హైదరాబాద్‌లో పనిచేసే సలహా అంతర్వేది దగ్గర పనిచేయదు. గోదావరి పాయ వశిష్ట సముద్రంలో కలిసే చోట గాలిలోనే ఉప్పుంటుంది. భీమవరం వైపు రొయ్యల చెరువుల గట్టున ఇల్లుంటే తేమ తగ్గదు. కాలువ నీళ్లొచ్చే ఇల్లూ, ఉప్పు బోరు మీద బతికే ఇల్లూ ఒకటి కాదు. ఒకే రకం కుళాయి తణుకులో ఒకలా, సఖినేటిపల్లిలో ఒకలా ఉంటుంది. అందుకే ముందు మరక ఏ రంగులో ఉందో చూడండి.

స్టీలు మీద గోధుమ రంగు చుక్కలు, టీ చిందినట్టుగా ఉంటే, రెండు కారణాలు. మొదటిది స్టీలు రకం. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202 రకంలో నికెల్ తగ్గించి మాంగనీస్ కలుపుతారు, ధర తగ్గుతుంది, ఉప్పుగాలిని తట్టుకునే శక్తీ తగ్గుతుంది. షాపులో అయస్కాంతం అంటించి "చూడండి, పట్టుకోవట్లేదు, ఇది 304" అంటారు. ఆ పరీక్షని నమ్మకండి. 202 కూడా మామూలుగా అయస్కాంతానికి అంటుకోదు. బిల్లు మీద 304 అని రాయించుకోవడమో, 304ని, 202ని వేరు చేసే చుక్కల మందుతో చూపించమనడమో చేయండి. సముద్రానికి దగ్గరైతే బయటి రెయిలింగ్‌కి, గేటుకి 316 తీసుకోండి. అందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పుకు తట్టుకునేది అందుకే.

రెండో కారణం యాసిడ్. ఇది మా ఇంట్లోనే జరిగింది. టైల్స్ పని అయ్యాక సిమెంటు మరకలు పోవడానికి మేస్త్రీ నేలంతా యాసిడ్ పోసి కడిగాడు. తలుపులు మూసి ఉన్నాయి. మర్నాడు పొద్దున వంటగదిలో సింకు, కొత్త హ్యాండిళ్లు, తలుపుల బందులు అన్నీ గోధుమ చుక్కలు. యాసిడ్ ఒక్క బొట్టు కూడా వాటి మీద పడలేదు. ఆవిరే పని చేసింది. ఆ యాసిడ్‌లో ఉండే క్లోరైడు స్టీలు మీది సన్నటి రక్షణ పొరని చిల్లులు చేస్తుంది. పైపైన ఉన్న చుక్కల్ని వంటసోడా ముద్దతో, గీతల దిశలోనే మెత్తటి గుడ్డతో రుద్ది, మంచినీళ్లతో కడిగి పొడిగా తుడిచాను. చాలావరకు పోయాయి. లోతుగా పట్టిన రెండు హ్యాండిళ్లు మార్చక తప్పలేదు. అప్పటి నుంచి నా పనుల్లో వరస మార్చాను. యాసిడ్ కడుగు, ఆ తర్వాత నీళ్ల కడుగు, రెండు రోజులు కిటికీలు తెరిచి ఉంచడం, ఆ పైన మాత్రమే కుళాయిలు, హ్యాండిళ్లు. ఇల్లు మారాక కూడా బాత్‌రూమ్ యాసిడ్‌తో కడిగే అలవాటుంటే దయచేసి మానేయండి.

గోల్డ్ కుళాయి మీద మచ్చలు మచ్చలుగా లోపలి తెల్ల లోహం బయటపడుతుంటే, అది పూత లేచిపోవడం. పూతల్లో రకాలున్నాయి. మామూలుగా ముంచి తీసిన పూత, పైన వార్నిష్‌లాంటి లక్క పొర ఉన్నది తొందరగా అరుగుతుంది. పి.వి.డి. అనేది గాలి తీసేసిన గదిలో లోహాన్ని ఆవిరిగా మార్చి పట్టించే పూత. చాలా పల్చన, కానీ చాలా గట్టిది. నీళ్లు తగిలే చోట గోల్డ్ కావాలంటే పి.వి.డి. అని రాసి ఉన్నది తీసుకోండి, లేదంటే క్రోమ్‌తో సరిపెట్టుకోండి. నీళ్లు తగలని చోట, అంటే అద్దం ఫ్రేము, లైటు, వార్డ్‌రోబ్ హ్యాండిల్‌కి, మామూలు పూత చాలు. లేచిపోయిన పూతకి ఇంట్లో మందు లేదు. పైన స్ప్రే కొట్టించుకోకండి, నెల తిరక్కుండా మళ్లీ లేస్తుంది, ఈసారి ఇంకా అసహ్యంగా.

నలుపు కుళాయి మీద తెల్లటి చారలు మాత్రం పాడైపోవడం కాదు. బోరు నీళ్లలోని సున్నం ఆరి నిలిచిపోయింది, అంతే. సగం నీళ్లు కలిపిన వెనిగర్‌లో గుడ్డ తడిపి ఐదు నిమిషాలు చుట్టి ఉంచి, కడిగి, తుడవండి. వాడిన ప్రతిసారీ తుడిచే ఓపిక లేకపోతే ఉప్పు బోరు ఉన్న ఇంట్లో నలుపు కుళాయి పెట్టించుకోకపోవడమే మంచిది. బ్రష్డ్ స్టీలు మీద ఆ చారలు అంతగా కనబడవు.

ఇత్తడి నల్లబడటం, పచ్చగా కిలుము పట్టడం సహజం. ఇత్తడి అంటే రాగి, జింకు. గాలికి రాగి రంగు మారుతుంది. అసలు ఇత్తడైతే చింతపండుతో తోమితే తిరిగి వస్తుంది. పైన లక్క పొర ఉన్న హ్యాండిల్‌ని మాత్రం చింతపండుతో గానీ, పీతాంబరితో గానీ తోమొద్దు. పొర అక్కడక్కడ లేచి, లేచిన చోట ఒక రంగు, లేవని చోట ఇంకో రంగు అవుతుంది. అలాంటిది తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఏది ఏదో తెలియకపోతే వెనక వైపు, స్క్రూ దగ్గర, చిన్నగా గోకి చూడండి. లోపల కూడా పసుపే ఉంటే ఇత్తడి. బూడిద రంగు బయటపడితే జింకు మీద పూత. అయస్కాంతం గట్టిగా పట్టుకుంటే ఇనుము మీద పూత.

"రెండు లోహాలు కలిసే చోట తెల్లపొడి రాలుతోంది"

ఇది అందం విషయం కాదు, ఆ భాగం తినేయబడుతోంది. రెండు వేర్వేరు లోహాలు తాకుతూ, మధ్యలో ఉప్పు తేమ ఉంటే చిన్న బ్యాటరీ తయారవుతుంది. బలహీనమైన లోహం కరిగిపోతుంది. అల్యూమినియం కిటికీకి ఇత్తడి స్క్రూలు కొడితే అల్యూమినియం పొడై రాలుతుంది. ఇత్తడి బందులకు చవకగా వస్తాయని ఇనుప స్క్రూలు కొడితే, ముందు స్క్రూ తుప్పు పట్టి టేకు తలుపు మీద నల్లటి చారలు కారుతాయి.

సూత్రం ఒకటే, ఏ లోహం బిగిస్తే ఆ లోహపు స్క్రూ. కుదరని చోట మధ్యలో నైలాన్ వాషర్ వేయించండి. పొడి రాలడం మొదలైన కిటికీలో స్క్రూలు ఒక్కొక్కటిగా విప్పి, పొడి దులిపి, స్టీలు స్క్రూ, నైలాన్ వాషర్‌తో మళ్లీ బిగించవచ్చు. స్టీలు కూడా అల్యూమినియంకి పరాయిదే కాబట్టి వాషర్ మర్చిపోవద్దు.

"పగలు బాగానే ఉంటుంది, లైటు వేస్తే బాగోదు"

బల్బు పెట్టె మీద వెలుతురు రంగు చెప్పే కెల్విన్ (కె) అంకె చూడండి. 6500 కె అని ఉంటే అది నీలం కలిసిన తెల్ల వెలుతురు. దాని కింద ఇత్తడి పాలిపోయి ఆకుపచ్చ ఛాయ వేస్తుంది, క్రోమ్ మాత్రం బాగుంటుంది. 2700 నుంచి 3000 కె పసుపు వెలుతురులో ఇత్తడికి ప్రాణం వస్తుంది, క్రోమ్ కూడా పసుపెక్కుతుంది. రెండు లోహాలున్న గదికి 4000 కె దగ్గర పెట్టండి. హ్యాండిళ్లు మార్చాలని డబ్బు తీసేముందు ఒక్క బల్బు మార్చి రెండు రాత్రులు చూడండి. కొనేటప్పుడు కూడా షాపు లైట్ల కింద కాదు, వీధి గుమ్మంలోకి తెచ్చి చూడండి.

"అత్తగారి ఇత్తడి సామాను కొత్త ఇంట్లో ఇమడట్లేదు"

ఇది అడిగేవాళ్లు కొంచెం మొహమాటంగా అడుగుతారు. తణుకు దగ్గర అజ్జరంలో పోత పోసిన గంగాళం, కుందులు, బరువైన ఉయ్యాల గొలుసులు. అటక మీద పెట్టడానికి మనసొప్పదు, హాల్లో పెడితే స్టీలు, గాజు మధ్య ఏదో పాత సామాను దించినట్టుంటుంది.

కారణం ఇత్తడి పాతదవ్వడం కాదు, దాని చుట్టూ ఉన్న కొత్త గోల్డ్. అసలు ఇత్తడి పక్కన గోల్డ్ పూత హ్యాండిల్ పెడితే, అసలుది మసకగా, పూతది నకిలీగా కనిపిస్తాయి. రెండూ నష్టపోతాయి. అందుకే ఇంట్లో నిజమైన ఇత్తడి ఉంటే నేను మొదట చెప్పేది ఒకటే, ఆ గదిలో గోల్డ్ ఫినిష్ కొనకండి. హ్యాండిళ్లు నలుపో, బ్రష్డ్ స్టీలో పెట్టి, పసుపు మొత్తం పాత ఇత్తడికే వదిలేయండి. వెనక టేకు చెక్క గానీ, సున్నం తెలుపు గోడ గానీ ఉండాలి. సామాను నాలుగు గదుల్లోకి పంచేయకండి. హాల్లో ఒక చోట మూడు నాలుగు కలిపి, ఎత్తు తేడాలతో పెట్టండి. తోమడానికి కూడా సులువు.

ఎంత తోమాలన్నది ఇంటివాళ్ల ఇష్టం. దేవుడి సామాను తళతళలాడాలి, ఆ పద్ధతి మార్చక్కర్లేదు. హాల్లో పెట్టిన గంగాళం మాత్రం ఆ ముదురు రంగులోనే అందంగా ఉంటుంది, కిలుము తీసి ఊరుకోండి. చింతపండు ముద్దని గంటలకొద్దీ వదిలేస్తే జింకు పోయి పైన గులాబీ రంగు మిగులుతుంది, పది నిమిషాలు దాటనివ్వకండి.

ఉయ్యాల బిగించేటప్పుడు రంగు కన్నా ముందు కొక్కెం చూడండి. స్లాబులో దిగేది గట్టి ఉక్కు కొక్కెమే అవ్వాలి, ఇత్తడి కొక్కెం మెత్తన, అంత బరువు దాని మీద వేయకూడదు. ఉక్కు, ఇత్తడి ఒరుసుకునే ఆ చోట గొలుసు పైలింకు అరుగుతుంది. మధ్యలో నైలాన్ బుష్ (తొడుగు) వేయించండి, కొక్కేన్ని నలుపు రంగు వేసి సీలింగ్ ఫ్యాన్ రాడ్డు రంగుతో కలిపేయండి. ఏటా సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు స్టూలెక్కి ఆ పైలింకు మందం వేలితో తడిమి చూడండి. పక్క లింకు కన్నా పల్చబడినట్టు తెలిస్తే, పిల్లల్ని ఎక్కనివ్వకుండా ముందు దాన్ని మార్పించండి.